జీఐఎస్ పీజీకి చదివేవాళ్లకు: సాఫ్ట్‌వేర్ మూసి కాగితం తీయండి

ఎమ్మెస్సీ జీఐఎస్ (మ్యాపులనీ, స్థల సమాచారాన్నీ కంప్యూటర్‌లో విశ్లేషించే కోర్సు) అనగానే ఎవరైనా ముందు అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ నేర్పిస్తారు?" అనే. కోర్సులో చేరబోయేవాళ్లూ అదే అడుగుతున్నారు కాబట్టి నా ప్రిపరేషన్ ఎలా సాగిందో చెప్తాను. క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో మెనూలన్నీ కళ్లు మూసుకుని తిప్పగలిగినా థియరీ పేపర్లో అది పెద్దగా అక్కరకు రాదు. బఫర్ (ఒక చోటు చుట్టూ ఇచ్చిన దూరం మేర గీసే హద్దు) బటన్ ఎక్కడుందో అక్కడ ఎవరూ అడగరు, అది నొక్కితే లోపల ఏం లెక్క జరుగుతుందో అడుగుతారు. అందుకని సాఫ్ట్‌వేర్ చేసే ప్రతి ముఖ్యమైన పనినీ చిన్న చిన్న అంకెలు తీసుకుని ఒక్కసారైనా చేత్తో చేసి చూడటం అలవాటు చేసుకున్నా, నా చదువంతా దాని మీదే నడిచింది.

ఈ కోర్సుకి జాగ్రఫీ వాళ్లూ వస్తారు, సివిల్ వాళ్లూ వస్తారు, కంప్యూటర్ సైన్స్ వాళ్లూ వస్తారు. జాగ్రఫీ నుంచి వచ్చినవాళ్లకు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష), స్టాటిస్టిక్స్ అంటే గుండె దడ. కంప్యూటర్ వాళ్లు కోడ్ చకచకా రాసేస్తారు గానీ డేటమ్ (కొలతలకి ఆధారంగా పెట్టుకునే భూమి నమూనా) అంటే ఏంటో చెప్పమంటే నీళ్లు నములుతారు. మీకు రానిది ఏదో మీకు ముందే తెలుసు, మొదలు దానితోనే పెట్టండి. వచ్చిన సబ్జెక్టునే మళ్లీ మళ్లీ చదువుతుంటే హాయిగానే ఉంటుంది, మార్కులు మాత్రం పెరగవు.

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ప్రొజెక్షన్లకి (గుండ్రటి భూమిని చదునైన మ్యాప్ మీదికి తెచ్చే పద్ధతులకి), ఇందులో నాకు సందేహమే లేదు. నిర్వచనాలు బట్టీ పట్టడం కాదు, లెక్కలు చేయండి. ఉదాహరణకి తూర్పు రేఖాంశం 80 డిగ్రీలు ఇచ్చి యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి) జోన్ చెప్పమంటే: 180 కలిపితే 260, దాన్ని 6తో భాగిస్తే 43.33, దశాంశం వదిలేసి ఒకటి కలిపితే 44వ జోన్. మొత్తం 60 జోన్లు, ఒక్కోటి 6 డిగ్రీలు, కాబట్టి 44వ జోన్ 78 నుంచి 84 దాకా, మధ్య రేఖ 81. ఆ మధ్య రేఖ మీద స్కేల్ ఫ్యాక్టర్ 0.9996, అంటే నేల మీద 10 కిలోమీటర్ల గీత గ్రిడ్‌లో 9,996 మీటర్లుగా వస్తుంది. ఎందుకలా తగ్గించి పెట్టారంటే, జోన్ అంచుల్లో సాగేది మరీ ఎక్కువ కాకుండా ఆ తప్పుని మధ్యకీ అంచులకీ పంచడానికి. ఈ 'ఎందుకు' రాసినవాడికీ, 0.9996 అని మాత్రమే రాసినవాడికీ ఒకే మార్కులు పడవు.

ఇంకోటి డిగ్రీల గొడవ. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వెళ్లేసరికి అది సగమైపోతుంది. లేయర్ ఈపీఎస్‌జీ 4326లో (డిగ్రీల్లో కొలిచే అక్షాంశ రేఖాంశాల పద్ధతి) ఉండగా మామూలు బఫర్ టూల్‌లో 500 అని కొడితే అది 500 మీటర్లు కాదు, 500 డిగ్రీలు (భూగోళం చుట్టూ తిరిగితేనే 360!). ప్రాక్టికల్ పరీక్షలో డేటాని కావాలనే ఇలా ఇస్తారు, మీరు ముందు రీప్రొజెక్ట్ చేస్తారా (మీటర్ల పద్ధతికి మారుస్తారా) లేదా అని చూడటానికి. ఫైల్ తెరవగానే మీ చెయ్యి సీఆర్ఎస్ (డేటా ఏ కోఆర్డినేట్ పద్ధతిలో ఉందో చెప్పేది) వైపు వెళ్లాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

జియాయిడ్ (సగటు సముద్రమట్టాన్ని అనుసరించే ఉపరితలం), ఎలిప్సాయిడ్ (లెక్కల కోసం భూమికి పెట్టుకున్న నున్నటి ఆకారం) తేడా చాలామంది బొమ్మ గీసి వదిలేస్తారు. ఒక లెక్క పట్టుకోండి. జీపీఎస్ నేరుగా లెక్కగట్టే ఎత్తు ఎలిప్సాయిడ్ నుంచి. సముద్రమట్టం నుంచి ఎత్తు కావాలంటే అందులోంచి జియాయిడ్ అన్‌డ్యులేషన్ (ఎలిప్సాయిడ్ నుంచి జియాయిడ్ ఎత్తు) తీసేయాలి. హిందూ మహాసముద్రంలో జియాయిడ్ ఎలిప్సాయిడ్ కంటే దాదాపు 100 మీటర్లు కిందికి ఉన్న చోటు ఉంది. అక్కడ నీటి మీద ఓడలో ఉన్నా ఎలిప్సాయిడ్ ఎత్తు సుమారు మైనస్ 100 వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే ప్లస్ మైనస్ దగ్గర కంగారు పడాల్సిన పని ఉండదు.

ఇక యాక్యురసీ అసెస్‌మెంట్, అంటే మ్యాప్ ఎంత సరైందో లెక్కగట్టడం. ప్రశ్న రాదేమోనని వదిలేయదగ్గ టాపిక్ కాదిది, థీసిస్‌లో ఎలాగూ మీద పడుతుంది. వంద టెస్ట్ పాయింట్లు, అడవి, అడవి కానిది అని రెండే క్లాసులు అనుకోండి. మ్యాప్ అడవి అన్న 60లో నిజంగా అడవి 50, కాదన్న 40లో నిజంగా కానివి 35. మొత్తం సరైనవి 85, కాబట్టి ఓవరాల్ యాక్యురసీ 85 శాతం. అడవికి యూజర్స్ యాక్యురసీ 60లో 50, అంటే 83.3 శాతం. నేల మీద నిజంగా అడవి ఉన్న పాయింట్లు 55, కాబట్టి ప్రొడ్యూసర్స్ యాక్యురసీ 55లో 50, అంటే 90.9. ఈ రెండూ తారుమారు కాకుండా ఉండాలంటే మ్యాప్ వాడేవాడు చేత్తో మ్యాప్ పట్టుకుని ఉంటాడు కాబట్టి మ్యాప్ మొత్తంతో భాగించాలి అనుకోండి చాలు. కప్పా (అదృష్టం కొద్దీ కుదిరింది తీసేశాక మ్యాప్ ఎంత సరైందో చెప్పే అంకె) కోసం యాదృచ్ఛికంగా కుదిరే భాగం కావాలి: 0.6ని 0.55తో, 0.4ని 0.45తో గుణించి కలిపితే 0.51. 0.85లోంచి 0.51 తీస్తే 0.34, దాన్ని 0.49తో భాగిస్తే సుమారు 0.69. క్యాలిక్యులేటర్ లేకుండా నాలుగైదు మ్యాట్రిక్స్‌లు ఇలా చేస్తే పరీక్ష హాల్లో చెయ్యి దానంతటదే నడుస్తుంది.

ఇంటర్‌పొలేషన్ (తెలిసిన పాయింట్ల నుంచి తెలియని చోటి విలువ అంచనా వేయడం) కూడా ఇంతే. ఆ చోటుకి 10 మీటర్ల దూరంలో విలువ 30, 20 మీటర్ల దూరంలో విలువ 50 ఉంటే, పవర్ 2తో ఐడీడబ్ల్యూలో (దూరం పెరిగేకొద్దీ బరువు తగ్గించే పద్ధతి) బరువులు 4:1, జవాబు 34. పవర్ 1 పెడితే 2:1, జవాబు 36.67. పవర్ పెంచితే దగ్గరి పాయింట్ పెత్తనం పెరుగుతుందని పుస్తకం చెప్పే మాట ఈ రెండు లైన్లలో కనిపిస్తుంది. డీ8 ఫ్లో డైరెక్షన్ (ఒక గడి నుంచి చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో నీళ్లు ఎటు పోతాయో చూడటం) చేసేటప్పుడు మూలల గడులకి ఎత్తు తేడాని 1.414తో భాగించడం మర్చిపోకండి. మధ్యలో 50, తూర్పున 46, ఆగ్నేయంలో 45 ఉంటే నీళ్లు బాగా పల్లంగా కనిపించే 45 వైపు పోవు, తూర్పుకే పోతాయి: అటు 4, ఇటు 3.54.

రిమోట్ సెన్సింగ్‌లో శాటిలైట్ల టేబుల్ మొత్తం కంఠస్థం చేసేవాళ్లని చూస్తే జాలేస్తుంది. రెండు మూడు చాలు. ల్యాండ్‌శాట్ 8 అయితే 30 మీటర్లు, 16 రోజులకోసారి. సెంటినెల్ 2 ముఖ్యమైన బ్యాండ్లలో 10 మీటర్లు, రెండు శాటిలైట్లతో భూమధ్యరేఖ దగ్గర 5 రోజులకోసారి. ఎన్‌డీవీఐకి (మొక్కల పచ్చదనం కొలిచే సూచిక) వాడే నియర్ ఇన్‌ఫ్రారెడ్, రెడ్ బ్యాండ్ నంబర్లు మాత్రం జాగ్రత్త, ల్యాండ్‌శాట్ 7లో 4, 3 అయితే ల్యాండ్‌శాట్ 8లో 5, 4. చరిత్ర భాగానికి ఒక సాయంత్రం చాలు: 1854లో లండన్ డాక్టర్ జాన్ స్నో కలరా మ్యాప్, 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ మొదలుపెట్టిన కంప్యూటర్ జీఐఎస్, 1970లో టోబ్లర్ సూత్రం (దూరపువాటి కంటే దగ్గరివాటి మధ్యే సంబంధం ఎక్కువ అనేది).

ప్రాక్టికల్స్‌కి పట్టించుకోనివే ప్రాణం తీస్తాయి. షేప్‌ఫైల్ (మ్యాప్ డేటా దాచే ఒక ఫార్మాట్) పంపమంటే ఒక్క .shp ఫైలే పంపితే ఎదుటివాళ్ల దగ్గర సరిగా తెరుచుకోదు, అదే పేరుతో ఉండే దాని తోబుట్టువు ఫైళ్లన్నీ కలిపి పంపాలి. కాలమ్ పేరు 10 అక్షరాలు దాటితే కత్తిరించేస్తుంది, అప్పుడు రెండు కాలమ్‌లు ఇంచుమించు ఒకేలా కనిపించి టెన్షన్ మొదలవుతుంది. పేర్లు మీరే పొట్టిగా పెట్టుకోండి. ఎస్‌క్యూఎల్ కోసం పోస్ట్‌జీఐఎస్‌లో (మ్యాప్ డేటా దాచే డేటాబేస్) స్పేషియల్ జాయిన్ (ఏది ఏ చోట ఉందో చూసి రెండు టేబుళ్లని కలపడం) రాయడం వస్తే సగం సిలబస్ అయినట్టే, ముందు ఇండెక్స్ (వెతుకులాటని వేగం చేసే సూచీ) లేకుండా నడిపి తర్వాత ఇండెక్స్ పెట్టి నడిపి చూడండి, ఇండెక్స్ మీద వచ్చే ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుంది.

థీసిస్ టాపిక్ గురించి ఒక మాట, ఎందుకంటే ఇంటర్వ్యూలోనే అడగొచ్చు. వీధుల వారీగా పట్టణ వేడి లెక్కగడతానని గొప్పగా చెప్తారు కొందరు. ల్యాండ్‌శాట్ 8 థర్మల్ (వేడిని కొలిచే) బ్యాండ్ అసలు కొలత 100 మీటర్లు, మనకిచ్చే 30 మీటర్లు దాన్ని రీశాంప్లింగ్ చేసినవి (చిన్న గడులుగా మళ్లీ లెక్కగట్టినవి). వీధి అందులో కనపడదు. ప్యానెల్‌లో ఎవరో ఒకరు ఇది అడిగి తీరుతారు. అందుకే టైటిల్ ఖాయం చేసుకునే ముందు డేటా డౌన్‌లోడ్ చేసి, పిక్సెల్ సైజు, తేదీలు, మబ్బులు చూసుకుని, ఆ డేటా మోయగలిగిన ప్రశ్ననే పెట్టుకోండి.