దుబాయ్‌లో ఒక పగలు

హైదరాబాద్ విమానానికి ఇంకా గంటన్నర టైముంది. ఆయన పక్క కుర్చీలో తల వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నారు. నా కాళ్లు ఉబ్బాయి. చెప్పుల పట్టీలు వదులు చేసుకొని, ఫోన్‌లో ఇది రాసుకుంటున్నాను. ఇంటికెళ్లి రాద్దాంలే అనుకుంటే సగం మరిచిపోతాను.

లండన్‌లో అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉండి వస్తున్నాం. టికెట్లు చూసేటప్పుడు దుబాయ్‌లో మూడు గంటలు ఆగే విమానం ఒకటి, పదిహేను గంటలు ఆగేది ఒకటి కనపడ్డాయి. పదిహేను గంటలదే తీయమన్నాను. "అంతసేపు ఏం చేస్తారత్తయ్యా?" అన్నాడు అల్లుడు. బయటికి వెళ్తామన్నాను. ఎందుకో ఆయనకు తెలుసు. "తీయి బాబూ, ట్రాన్సిట్ వీసా కూడా పెట్టు" అన్నారు.

నాకు ఏడేళ్లప్పుడు, 1977లో, బాపు, అంటే మా నాన్న, దుబాయ్ పోయాడు. జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి అప్పటికి ముగ్గురే పోయారు. బొంబాయి దాకా రైలు, అక్కడ నెల రోజులు ఏజెంటు చుట్టూ తిరుగుడు, ఆ తర్వాత విమానం. రాడ్ బెండింగ్ పని, అంటే కాంక్రీటులో వేసే ఇనుప చువ్వలు వంచే పని. 1991లో పూర్తిగా తిరిగొచ్చేదాకా రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండేవాడు. నేను పెద్దమనిషినైనప్పుడు లేడు, పదో తరగతి పాసైనప్పుడు లేడు. పెళ్లికి మాత్రం వచ్చి కాళ్లు కడిగాడు. వచ్చినప్పుడల్లా తాడు కట్టిన పెద్ద పెట్టె. అందులో యార్డ్లీ పౌడరు, టైగర్ బామ్, పెద్ద పెద్ద పూలున్న దుప్పట్లు. ఆ దుప్పటి ఒకటి అమ్మ ఇప్పటికీ కప్పుకుంటుంది.

ఒకసారి ఒక ఫోటో పంపాడు. దాని స్కాన్ నా ఫోన్‌లో ఉంది. రంగులన్నీ ఎర్రబారిపోయాయి. బాపు ఇసుకలో నిలబడి ఉన్నాడు, జేబులో పెన్ను. వెనకాల తెల్లటి ఎత్తైన బిల్డింగ్ ఒక్కటే. దాని చుట్టూ ఇంకేమీ లేదు, ఆకాశం, ఇసుక. వెనక వైపు ఎవరితోనో రాయించాడు: "దుబాయ్, 1979. మేము కట్టినది."

పొద్దున ఏడున్నరకు దిగాం. పెద్ద లగేజీ నేరుగా హైదరాబాద్‌కే పోతుంది కాబట్టి చేతిలో ఒక్క బ్యాగే. ఎయిర్‌పోర్టులోనే కొంచెం డబ్బు మార్చుకున్నాం. ఆయన ముప్పై రెండేళ్లు బ్యాంకులో చేశారు, ఏ దేశం నోటు చేతికొచ్చినా వెలుతురుకు పెట్టి చూడందే జేబులో పెట్టుకోరు. వంద దిర్హాముల నోటు తిప్పి చూసి, "ఫోన్ తీయి, మీ బాపు ఫోటో తీయి" అన్నారు. తీశాను. నోటు వెనకాల ఉన్న బిల్డింగ్, ఫోటోలో ఉన్న బిల్డింగ్ ఒకటే. వరల్డ్ ట్రేడ్ సెంటర్. అక్కడే, కౌంటర్ పక్కన నిలబడి, నోటూ ఫోనూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూశానో. వెనకాల లైన్లో ఉన్నాయన జరగమంటే గానీ జరగలేదు. ఇన్నాళ్లూ ఆ బిల్డింగ్ పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపు "పెద్ద బిల్డింగ్" అనేవాడు, మేమూ అదే అనేవాళ్లం.

మెట్రో స్టేషన్‌కు నడుస్తూ ఆయన ఇంకో సంగతి చెప్పారు. ఇక్కడి చాలా దేశాల్లో ఒకప్పుడు మన రూపాయే చెల్లేదట. బంగారం దొంగ రవాణా ఎక్కువైందని 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం వేరే రంగుల్లో నోట్లు అచ్చేసింది, నంబరు ముందు జెడ్ అక్షరంతో. 1966లో మనం రూపాయి విలువ తగ్గించేసరికి వీళ్లు దాన్ని వదిలేసుకున్నారు. పదకొండేళ్ల తర్వాత మా బాపు అదే రూపాయిల కోసం ఇక్కడికొచ్చాడు అనుకున్నాను. ఆయనతో అనలేదు.

ఇక్కడి మెట్రో 2009లో మొదలైందట, డ్రైవర్ ఉండడు. ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా పెట్టె ఉంది, కింద గులాబీ రంగు గీత. మగవాళ్లు గీత దాటితే వంద దిర్హాములు జరిమానా. పొద్దుటి రద్దీ. నాకు గీతకు ఇవతల సీటు దొరికింది, ఆయన గీతకు అవతల కమ్మీ పట్టుకొని నిలబడ్డారు. స్టేషన్ వచ్చినప్పుడల్లా ఎన్ని మిగిలాయో వేళ్లతో చూపించారు. యూనియన్ స్టేషన్‌లో రైలు మారి అల్ రాస్‌లో దిగాం.

అక్కడి నుంచి పాత దేరా సందులు. మసాలా దుకాణాల ముందు గోనెసంచుల్లో ఎండిన నిమ్మకాయలు, సాంబ్రాణి గడ్డలు, గులాబీ మొగ్గలు. బంగారం బజారు అద్దాల్లో మనిషి ఛాతీ అంతా కప్పేంత హారాలు వేలాడుతున్నాయి. చూశాను, కొనాలనిపించలేదు. ఆయన వంద గ్రాములు కుంకుమపువ్వు బేరమాడి పది గ్రాములు కొన్నారు.

క్రీక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు కదలబుద్ధి కాలేదు. క్రీక్ అంటే సముద్రం ఊరిలోకి చొచ్చుకొచ్చిన పాయ. ఒడ్డున వరసగా చెక్క సరుకు పడవలు, వాటి పక్కన రోడ్డు మీదే ఫ్రిజ్‌లు, టైర్లు, అట్టపెట్టెలు గుట్టలు. దాటడానికి అబ్రా అనే చిన్న చెక్క పడవ. మధ్యలో బల్ల, దానిమీద రెండు వైపులకు వీపులు ఆనించి కూర్చోవాలి. మనిషికి ఒక దిర్హాము. పడవ కదిలాక నాణేలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకుంటూ నడిపే అతనికి చేర్చారు. నా పక్కన కూర్చున్న పిల్లవాడి అరచేయి గరుకుగా ఉంది, వేళ్ల సందుల్లో సిమెంటు. నా నాణెం తీసుకొని తన నాణెంతో కలిపి ముందుకు ఇచ్చాడు.

నీళ్ల మధ్యలో ఉండగా మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడింది. ఒక ఒడ్డున మొదలై, రెండో ఒడ్డున ఇంకోటి అందుకుంది. కింద ఇంజను డుబడుబ. నేను ఆయన చేయి పట్టుకున్నాను. ఈ రెండు చప్పుళ్లూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

బాపుకు రాయడం రాదు, సంతకం ఒక్కటే వచ్చు. అందుకని క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. మా ఇంట్లో టేప్ రికార్డర్ కూడా బాపు తెచ్చిందే. అమ్మ పగలంతా దాన్ని ముట్టనిచ్చేది కాదు. అన్నాలు తిని, తలుపు గొళ్లెం పెట్టాక వేసేది. మొదట్లో కాసేపు మాటలుండవు. "హలో... హలో... వినపడుతున్నదా?" అని రెండు మూడు సార్లు. తర్వాత దగ్గు. వెనకాల ఏదో ఇంజను, ఒక్కోసారి ఈ పిలుపు. ఆ తర్వాత అందరి పేర్లూ వరసగా చెప్పి, బర్రె ఈనిందా, బావిలో నీళ్లున్నాయా, పెద్దబిడ్డ బడికి పోతున్నదా. పెద్దబిడ్డంటే నేనే. జవాబు మేము మరో వైపు మాట్లాడి పంపాలి. నా వంతు వచ్చేసరికి గొంతు పెగలక, పాఠం అప్పజెప్పేదాన్ని. రెండో ఎక్కం చెప్పానట ఒకసారి. బాపు దాన్ని రూములో అందరికీ వినిపించాడట.

అవతలి ఒడ్డున అల్ ఫహీదీ అనే పాత పేట. సన్నటి సందులు, మట్టిరంగు గోడలు, ఇళ్ల మీద నాలుగు పలకల గాలి గోపురాలు. కరెంటు లేని రోజుల్లో ఏ దిక్కు నుంచి గాలి వీచినా పట్టి కిందికి, గదిలోకి దించేవి. ఒకదాని కింద నిలబడి ఆయన అరచేయి పైకి పెట్టి, "వస్తుంది, పెట్టు" అన్నారు. పెట్టాను. సన్నగా, చల్లగా తగిలింది. ఆ తర్వాత మీనా బజార్ దగ్గర భోజనం, పప్పూ సాంబారూ, ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ మెట్రో. వరల్డ్ ట్రేడ్ సెంటర్ అని స్టేషనే ఉంది. మెట్లు దిగి తలెత్తితే మొదట అది కనపడనే లేదు. చుట్టూ అద్దాల బిల్డింగ్‌లు, పన్నెండు వరసల రోడ్డు. ఆయనే చేయి చూపించారు. తెల్లగా, కిటికీల మీద కమాను కమానుగా ఎండ మరుగులు. 39 అంతస్తులు, 149 మీటర్లు. 1979లో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించింది. అప్పటికి ఈ ప్రాంతం మొత్తంలో ఇదే ఎత్తైనది, ఊరికి ఇంత దూరంగా ఎడారిలో ఎందుకని అన్నవాళ్లున్నారట. ఇప్పుడు ఊరే దీన్ని దాటి ఎక్కడికో వెళ్లిపోయింది.

ఫోటోలో బాపు ఎక్కడ నిలబడ్డాడో కనిపెట్టాలని తిరిగాం. కుదరలేదు. ఆ ఇసుక ఎక్కడుందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు, ఏ రోడ్డు కింద ఉందో. చివరికి నీడ ఉన్నచోట ఆగి, ఆయన నన్ను నిలబెట్టి బిల్డింగ్ మొత్తం పడేలా కింద కూర్చొని ఫోటో తీశారు. ఆ మోకాళ్లతో కింద కూర్చున్నారు. లేవడానికి నేను చేయి ఇవ్వాల్సి వచ్చింది.

మేము నిలబడ్డ నీడ వేపచెట్టుది. దాని మొదలుకు నల్లటి సన్న పైపు ఒకటి చుట్టి ఉంది, ఆ పైపు చిల్లుల్లోంచి చుక్క చుక్క నీళ్లు. వాన లేని నేల కదా, ఇక్కడ ప్రతి చెట్టుకూ ఇలా పైపు ఉండాల్సిందే, ఊరి మురుగునీటినే శుద్ధి చేసి పోస్తారు. పైపు మూసుకుపోయినచోట విప్పి ఊదుతున్న అతను మా మాటలు విని, "తెలుగోళ్లా మేడం?" అన్నాడు. మెట్‌పల్లి దిక్కు వాళ్లట. వచ్చి ఆరేళ్లయింది. మా బాపు సంగతి చెప్తే బిల్డింగ్ వైపు చూసి, "అప్పుడు ఎండకు బ్రేక్ కూడ లేకుండె గదా మేడం" అన్నాడు. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట పని చేయించకూడదని రూలుంది. బాపు ఏనాడూ ఎండ గురించి టేపులో చెప్పలేదు. ఇంటికొచ్చినప్పుడు మాత్రం రెండు నెలలూ అరుగు మీద కాకుండా లోపలి చీకటి గదిలో పడుకునేవాడు. ఎందుకో అప్పుడు అడగలేదు.

అమ్మకు చూపిద్దామని వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. కలవలేదు. ఇక్కడ వాట్సాప్ కాల్స్ పని చేయవని అతనే చెప్పాడు, మెసేజ్‌లు పోతాయట. సరే అని ఫోటో పంపి, వాయిస్ మెసేజ్ పెట్టాను. బటన్ నొక్కి పట్టుకున్నాక నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "అమ్మా, వినపడుతున్నదా?"

ఆయన అవతలికి తిరిగి రోడ్డు చూస్తున్నట్టు నిలబడ్డారు, నేను ముగించేదాకా.

సాయంత్రం బుర్జ్ ఖలీఫా కూడా చూశాం. 828 మీటర్లు, 2010లో తెరిచారు, పైకెక్కాలంటే టికెట్ చాలా ఎక్కువ, కింది నుంచే మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. ఆరింటికి దాని ముందున్న ఫౌంటెన్‌లో నీళ్లు పాటకు తగ్గట్టు లేచాయి, ఆయన చిన్నపిల్లాడిలా వీడియో తీశారు. బాగుంది. కానీ నా మనసు అప్పటికే నిండిపోయింది. ఆ బుర్జ్ ఖలీఫాను కట్టినవాళ్ల పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో, వాళ్ల ఫోన్లలో కూడా ఇలాంటి ఫోటోలు ఉండే ఉంటాయి. ఎన్ని దేశాల ఊళ్లలోనో.

ఇదిగో, ఇప్పుడు గేటు దగ్గర అంతా మనవాళ్లే. ఒళ్లో దుప్పటి సంచులు, చేతుల్లో చాక్లెట్ల కవర్లు. ఎదురుగా కూర్చున్న కుర్రవాడు పాస్‌పోర్టు జేబులోంచి తీసి చూసుకొని మళ్లీ పెట్టుకుంటున్నాడు, నాలుగోసారి. వంద దిర్హాముల నోటు మార్చలేదు, నా పర్సులో ఉంది. ఖర్చుకు మిగిలిన చిల్లరే సరిపెట్టారు ఆయన.

అమ్మ దగ్గర నుంచి జవాబు ఇప్పుడే వచ్చింది. తమ్ముడు ఫోన్ పట్టుకొని మాట్లాడమన్నట్టున్నాడు. మొదట గాలి చప్పుడు, కోడి కూత, "ఇట్ల మాట్లాడాల్నా?" అని వాణ్ని అడగడం. తర్వాత:

"బిడ్డా, చూసిన. గదే బిల్డింగు. అల్లుడు, నువ్వు తిన్నరా? ఆడ నీడకు ఒక్క చెట్టన్న ఉండదనేటోడు మీ బాపు. ఇప్పుడన్న ఉన్నయా చెట్లు?"

రెండు సార్లు విన్నాను. ఆయన లేచారు, ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవిలో పెట్టి మూడోసారి విన్నాం. బోర్డింగ్‌కు పిలుస్తున్నారు. ఉండండి, అమ్మకు వేపచెట్టు సంగతి చెప్పి వస్తానన్నాను.