పీహెచ్ మాయమైన రాత్రి

హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో డాక్యుమెంటేషన్ పని చేసే రోజుల నాటి సంగతి. అమెరికాకు వెళ్లాల్సిన డాసియర్ అది, అంటే మందు వివరాలన్నీ ఉండే పత్రాల కట్ట, నాలుగు వందల పేజీల పైమాటే. మర్నాడు పొద్దున్నే పంపాలి. సాయంత్రం ఆరింటికి మా సార్ వచ్చి, "ఏంటమ్మా, సల్ఫేట్ అంతా మన స్పెల్లింగులోనే ఉంది? వాళ్లది ఎఫ్ కదా, మార్చెయ్" అన్నారు.

మనం బళ్లో నేర్చుకున్న సల్ఫర్‌లో పి, హెచ్ ఉంటాయి. ఒక్కో మాటా ఎవరు వెతుకుతారులే అనుకుని, పి-హెచ్ కనిపించిన చోటల్లా ఎఫ్ పెట్టమని కంప్యూటర్‌కి చెప్పి 'రీప్లేస్ ఆల్' నొక్కేశాను. సేవ్ చేసి, ఫైల్ మూసి, టీకి వెళ్లాను.

వచ్చి తెరిస్తే ఫాస్ఫేట్‌లో రెండు ఎఫ్‌లు. ఫినాల్, ఫార్మకోపియా, అన్నీ అదే వేషంలో ఉన్నాయి. వాటినైనా చూసి నవ్వుకోవచ్చు. కానీ పీహెచ్ అంటే ద్రావణం ఆమ్లమో క్షారమో చెప్పే కొలత. 'పీహెచ్ 6.8 బఫర్' అని ఉండాల్సిన చోట 'ఎఫ్ 6.8 బఫర్' అని ఉంది! పుస్తకమంతా పీహెచ్ అన్నదే లేదు. మధ్యాహ్నం కాపీ ఒకటి దొరికింది కాబట్టి బతికాను. ఆ తరవాత చేసిన మార్పులన్నీ మళ్లీ చేసి లేచేసరికి రాత్రి ఒంటిగంట.

తెలుగులో రాసుంటే ఈ గోలే లేదు. సల్ఫర్‌కీ, ఫాస్ఫరస్‌కీ, ఫ్లోరిన్‌కీ అదే 'ఫ'.

తరవాత కుతూహలం కొద్దీ చదివాను. ఫాస్ఫరస్ గ్రీకు మాట, వెలుగును మోసేది అని అర్థం. అందుకే అక్కడ పి-హెచ్ జోలికి అమెరికావాళ్లు కూడా పోలేదు. సల్ఫర్ మాత్రం లాటిన్‌ది. గ్రీకు అనుకుని ఎవరో దానికి పి-హెచ్ తగిలించారు. రసాయన పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ 1990లో సల్ఫర్ విషయంలో ఎఫ్‌కే ఓటేసింది. అల్యూమినియం, సీజియం దగ్గర మాత్రం బ్రిటిష్ స్పెల్లింగులే ఉంచింది. చెరో ముక్క పంచినట్టుంది కదా! ఇంకో తమాషా: 1812లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రాసింది 'అల్యూమినమ్' అనే. ఇంగ్లండు ఆయన పెట్టిన పేరును ఇంగ్లండువాళ్లే వదిలేస్తే, అమెరికన్ కెమికల్ సొసైటీ 1925లో దాన్ని తీసుకుంది.

ఇంతకీ బ్రిటిష్-అమెరికన్ తేడాల వల్ల నాకెప్పుడూ పెద్ద టెన్షన్ లేదు. భాష సెట్టింగ్ మారిస్తే ఎర్రగీత దానంతటదే పట్టిస్తుంది. అసలు భయం గీత పడని వాటితో. ఫాస్ఫరస్ అనే మూలకం పేరులో చివరి 'యు'కి ముందు ఇంకో 'ఓ' చేర్చండి, అదీ సరైన మాటే, కానీ విశేషణం. ఫాస్ఫరస్ ఆమ్లానికి ఆ 'ఓ' కావాలి, మూలకానికి వద్దు. సల్ఫైట్‌కీ సల్ఫేట్‌కీ ఒక్క అక్షరం తేడా. మొదటిది మందు ఆక్సీకరణ చెందకుండా కాపాడుతుంది, రెండోది ఆ పని చేయదు. పొరపాటున ఒకటి బదులు ఇంకొకటి పడితే, కంప్యూటర్‌కి రెండూ బంగారమే.

మా ఊరు నల్గొండ జిల్లాలో. ఫ్లోరైడ్ నీళ్లకు వంకర తిరిగిన కాళ్లు చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని, ఆ మాట నాకు తప్పు పోదని ధీమాగా ఉండేదాన్ని. ఆ డాసియర్ వెళ్లిపోయిన చాలా నెలలకు, కొత్తగా చేరిన అమ్మాయి నా సీట్లో కూర్చుని, "అక్కా, ఈ ఫ్లోరైడ్‌లో 'యు' కంటే 'ఓ' ముందొచ్చిందేంటి? ఇంగ్లీషులో పిండికి రాసే స్పెల్లింగ్ కదా ఇది?" అంది. ఎర్రగీత లేదు. మనం చేర్చిన మాటలకు గీత పెట్టకుండా వదిలేసే కస్టమ్ డిక్షనరీ తెరిచి చూశాం. పిండి ఫ్లోరైడ్ అందులో దర్జాగా కూర్చుంది. 'యాడ్ టు డిక్షనరీ' నొక్కింది ఎవరో ఆ పిల్ల అడగలేదు. ఆ కంప్యూటర్ మొదటి నుంచీ నాదే.