16 గేజ్ పైపుతో వర్క్ టేబుల్: బొక్కలు పడకుండా అతికిన తీరు

ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ చేతికొచ్చాక మొదటి పనిగా వర్క్ టేబుల్ పెట్టుకున్నాను. ఒకటిన్నర అంగుళాల స్క్వేర్ పైపు, 16 గేజ్, అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. ఇంత పల్చటి గోడకు వెల్డింగ్ రాడ్ తగిలిస్తే అతుకు పడేలోపే బొక్క పడుతుంది. దానికి చేయి తిరగకపోవడం ఒక కారణమైతే, కోతలో వదిలిన సందు అంతకంటే పెద్ద కారణం.

టేబుల్ నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 34 అంగుళాల ఎత్తు. 20 అడుగుల పైపులు రెండు తెచ్చాను. పొడవు ముక్కలు రెండూ 48 అంగుళాలు. అడ్డముక్కలు మాత్రం 24 కాదు, 21. రెండు వైపులా పైపు మందం ఒకటిన్నర చొప్పున తీసేయాలి. అది మరిచి 24కే కోస్తే టేబుల్ వెడల్పు 27 అయి, పైన వేసే ప్లైవుడ్ చాలదు. కాళ్లు నాలుగూ 31¾: ఎత్తులోంచి ప్లైవుడ్ ముప్పావు, పై ఫ్రేమ్ ఒకటిన్నర పోవాలి కదా. కింద కాళ్లను కలపడానికి 21వి రెండు, వాటి మధ్యన 45ది ఒకటి. అన్నీ పోను పదడుగులకు పైనే మిగిలింది. కరెంటు కుదుర్చుకోవడానికి ఆ తునకలే పనికొచ్చాయి.

కొయ్యడానికి ముందు మూలమట్టం పెట్టి నాలుగు ముఖాలకూ గీత తిప్పాను. గ్రైండర్‌కి ఒక మిల్లీమీటరు కటింగ్ వీల్ వేసి, పైపును తిప్పుకుంటూ ఒక్కో ముఖం విడిగా కోస్తే కోత వంకర పోదు. తర్వాత ముక్కలు ఆనించి సందు చూడాలి. పోస్ట్‌కార్డు దూరేంత సందుంటే ఫర్వాలేదు. రూపాయి బిళ్ల దూరిందంటే మళ్లీ అరగదీయాల్సిందే. ఆ సందు అంచులు కరిగి వెనక్కి పోతాయి, నింపేకొద్దీ పెద్దదవుతుంది.

2.5 మిల్లీమీటర్ల మందం, 6013 రకం రాడ్ వాడాను. తునక మీద 80 ఆంపియర్లు పెడితే బొక్క పడింది, 45కి రాడ్ అతుక్కుపోయింది, 60 దగ్గర నిలకడగా నడిచింది. రాడ్ పట్టే హోల్డర్‌ను మెషిన్ నెగెటివ్‌కి, పైపుకు తగిలించే ఎర్త్ వైరును పాజిటివ్‌కి పెట్టాను. పల్చటి ముక్కకు ఇదే మేలు, వేడి లోపలికి చొచ్చుకుపోవడం తగ్గుతుంది. ఎర్త్ క్లాంప్ పట్టే చోట తుప్పు, రంగు గీకెయ్యాలి, లేకపోతే ఆర్క్, అంటే రాడ్ కొన దగ్గర వెలిగే మంట, తడబడుతుంది. మెషిన్‌ను 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అదీ చుట్ట మొత్తం విప్పేసి.

ఫ్రేమ్‌కి ముందు ట్యాకులు, అంటే ముక్కలు కదలకుండా పట్టే చిన్న చుక్కల అతుకులు, మాత్రమే కొట్టి ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా టేపు పట్టాను. రెండు ఐమూలలూ 1363 మిల్లీమీటర్లు రావాలి. తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే పొడుగ్గా ఉన్న ఐమూల చివరి మూలల మీద సుత్తితో తట్టి సరిచేయొచ్చు. ఇది పూర్తి వెల్డ్ పడకముందే సాధ్యం. చల్లారే వెల్డ్ కుంచించుకుపోతూ పైపును తనవైపు లాగుతుంది. అందుకే ఒక మూల అంగుళం అతికి, ఎదురు మూలకు వెళ్లాను. నిలువు అతుకులు పైనుంచి కిందికి, రాడ్ కొన కొంచెం పైకి చూసేలా పట్టి చురుగ్గా లాగాలి. నెమ్మదిస్తే స్లాగ్, అంటే రాడ్ పూత కరిగి అతుకు మీద పేరుకునే మడ్డి, ముందుకు జారి అతుకులోకి దూరుతుంది.

బొక్క పడితే వెంటనే దాని మీదే రాడ్ పెట్టొద్దు. ఎరుపు తగ్గేదాకా ఆగి, స్లాగ్ కొట్టి, అంచు మీద చిన్న చుక్క వేసి తీసెయ్యాలి. మళ్లీ ఆగి, ఇంకో చుక్క. మూడు నాలుగు చుక్కల్లో బొక్క మూసుకుంటుంది.

హెల్మెట్ అద్దం 10వ నంబరు, కాటన్ ఫుల్ చేతుల చొక్కా, తోలు గ్లోవ్స్ తప్పనిసరి. జింకు పూత వేసిన జీఐ పైపు జోలికి మాత్రం పోలేదు. ఆ పూత కాలితే వచ్చే పొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది.

చివరగా స్లాగ్ మొత్తం వైర్ బ్రష్‌తో తీసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు వేశాను. అతుకు మూలల్లో గాజుపెంకులా నల్లగా మెరిసే చోటు కనబడితే అది ఇంకా స్లాగే. దాని మీద వేసిన రంగు పెచ్చులుగా ఊడుతుంది.