ఈరోజు నడక, ఎల్లుండి మంచం

జ్వరం వారంలో పోయింది. నీరసం మాత్రం నెలలు గడిచినా వదల్లేదు. వైరల్ ఇన్ఫెక్షన్ తర్వాత ఇలా నీరసంతో మిగిలిపోయిన మాలాంటి కుర్రవయసువాళ్లకి ముందుగా వినబడేది ‘రిపోర్టులన్నీ నార్మలే’ అన్న మాట. అది అబద్ధమేమీ కాదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, బి12, షుగర్, ఈసీజీ చేయించుకోవాల్సిందే. రక్తహీనతా థైరాయిడ్ లోపమూ అచ్చం ఇలాగే కనిపిస్తాయి, వాటికి మందుంది. కాకపోతే ఆ పరీక్షలన్నీ మనం కూర్చునో పడుకునో చేయించుకునేవి. మా బాధ మొదలయ్యేది లేచి నిలబడ్డాక, లేదా పని చేసిన మర్నాడు.

ఇది కోవిడ్‌తో పుట్టిన జబ్బు కాదు. ఆస్ట్రేలియాలోని డబ్బో అనే ఊళ్లో మూడు వేర్వేరు ఇన్ఫెక్షన్లు సోకినవాళ్లని గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఏ క్రిమి సోకినా ఆరు నెలలకి దాదాపు 12 శాతం మందిలో ఇదే నిస్సత్తువ కనిపించింది. అమెరికాలో ఎప్‌స్టీన్ బార్ వైరస్ జ్వరం వచ్చిన 301 మంది టీనేజర్లలో ఆరు నెలలకి 13 శాతం, ఏడాదికి 7, రెండేళ్లకి 4 శాతం మంది ఇంకా కోలుకోలేదు. అంటే కుర్రవయసులో చాలామంది తేరుకుంటారు, కానీ నిదానంగా. పిల్లల్లో, టీనేజర్లలో కోవిడ్ సోకిన మూడు నెలల్లోపు మొదలై, కనీసం రెండు నెలలు ఉండే లక్షణాలని లాంగ్ కోవిడ్‌గా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో నిర్వచించింది.

ఇందులో మనిషిని బాగా మోసం చేసేది పీఈఎం, అంటే శ్రమ తర్వాత కూలబడిపోవడం. శ్రమ చేసిన గంటలో చాలాసార్లు ఏమీ తెలియదు, పైగా హుషారుగా కూడా ఉంటుంది. 12 నుంచి 48 గంటల తర్వాత ఒళ్లునొప్పులు, గొంతునొప్పి, తల మబ్బు పట్టినట్టు ఉండటం, నిద్రపోయినా తీరని అలసట మీదపడతాయి. అందుకే కారణం దొరకదు. మంగళవారం మంచాన పడితే సోమవారాన్ని తిట్టుకుంటాం, తప్పు ఆదివారానిది.

ఈ చిక్కు విప్పడానికి నా నోట్‌బుక్‌లో నాలుగే గళ్లు: లేవగానే నాడి, నిలబడి గడిపిన సమయం, చదువుకి పోయిన సమయం, రాత్రికి పదికి ఎన్ని మార్కుల నీరసం. చదువు గడి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. లెక్కలు చేయడం, గంటసేపు ఫోన్ మాట్లాడటం, వాదులాడటం కూడా శ్రమే. మూడు వారాలు రాస్తే, కూలబడిన ప్రతి రోజుకీ రెండు రోజులు వెనక్కి వెళ్లి చూడొచ్చు. ఏ హద్దు దాటినప్పుడు కూలబడుతున్నామో అక్కడ తెలుస్తుంది. ఆ హద్దుకి ముందే ఆగాలి. అలసట వచ్చాక ఆగితే అప్పటికే ఆలస్యం.

నాడి లెక్క ఇంకా తేలిక. వారం రోజులు మంచం దిగకముందు నాడి కొలిచి సగటు తీసి, దానికి 15 కలపాలి. సగటు 68 అయితే హద్దు 83. అంతకు మించితే కూర్చోవాలి, లేదా పడుకోవాలి. కొందరికి నిలబడినంత మాత్రానే నాడి 120 దాటుతుంది. వాళ్లకి ఈ హద్దు పనికిరాదు, ముందు పాట్స్, అంటే లేచి నిలబడితే బీపీ పడకుండానే నాడి విపరీతంగా పెరిగే సమస్య, ఉందేమో చూడాలి.

ఆ పరీక్షకి బీపీ యంత్రం, గడియారం, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. ఉదయాన్నే, కాఫీ, నీళ్లు తాగకముందు చేయాలి. మధ్యాహ్నం చేస్తే చాలాసార్లు మామూలుగానే వస్తుంది. ఐదు నిమిషాలు కదలకుండా పడుకుని నాడి, బీపీ రాసుకోవాలి. తర్వాత లేచి మడమలు గోడకి 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, వీపు ఆనించి, మాట్లాడకుండా, కాళ్లు కదపకుండా పది నిమిషాలు నిలబడాలి. నిమిషానికోసారి కొలవాలి. కాళ్లు కదిపితే పిక్కలు రక్తాన్ని పైకి తోసేస్తాయి, అసలు సంగతి బయటపడదు. బీపీ పెద్దగా పడకుండా నాడి 30 పెరిగి అలాగే ఉంటే, 12 నుంచి 19 ఏళ్లవాళ్లకైతే 40 పెరిగితే, ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కళ్లు బైర్లు కమ్మితే పది నిమిషాలు పూర్తికాకపోయినా వెంటనే పడుకోవాలి.

పాట్స్ అని తేలితే రోజుకి రెండు మూడు లీటర్ల నీళ్లు, డాక్టర్ చెప్పిన మేర అదనపు ఉప్పు, నడుము దాకా వచ్చే బిగుతు మేజోళ్లు వాడమంటారు. మోకాళ్ల దాకా వచ్చేవి అంతగా పనిచేయవు, ఎందుకంటే రక్తం పొట్టలోనూ నిలిచిపోతుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు జోలికి పోకూడదు. స్నానం, బ్రష్, బట్టలు మడతపెట్టడం, అన్నీ కూర్చునే. చిన్నతనంగా అనిపిస్తుంది, కానీ ఇంతగా శక్తిని మిగిల్చేది ఇంకోటి లేదు.

ఇన్ఫెక్షన్ తర్వాత వాసన తెలియకుండా పోతే గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం ఒక్కోటి 20 సెకన్లు, రోజుకి రెండుసార్లు, కనీసం 12 వారాలు పీల్చాలి. నెల తిరక్కుండా మానేయడమే ఇందులో జరిగే పొరపాటు.

ఇక ‘రోజుకో అడుగు పెంచితే అదే సర్దుకుంటుంది’ అనే సలహా. పీఈఎం లేనివాళ్లకి అది మంచిదే. ఉన్నవాళ్లకి కాదు. ఎంఈ/సీఎఫ్ఎస్ (నెలల తరబడి వదలని ఈ నిస్సత్తువ జబ్బు) రోగులకి ముందే లెక్కకట్టి వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లో స్పష్టంగా రాసింది. శ్రమలో ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా సంగతి వేరు. గుండె కండరం వాపు ఉందో లేదో తేలేదాకా ఆటలు పూర్తిగా బంద్, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి.

కూలబడకుండా రెండు వారాలు గడిస్తే ఒక్కటే పెంచుతాను, అదీ పదోవంతు. నడక పెంచిన వారం చదువు పెంచను. రెండూ కలిపి పెంచితే ఏది పడగొట్టిందో నోట్‌బుక్ కూడా చెప్పలేదు. మధ్యలో మళ్లీ జ్వరం వస్తే పాత సంఖ్యలు చెల్లవు. తగ్గాక వారం నాడి కొత్తగా కొలిచి, కొత్త హద్దుతో మొదలుపెట్టాలి.