పుట్ట పక్కన కూచుని చూస్తే

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడ పక్కన, వేపచెట్టు మొదట్లో నడుమెత్తు పుట్ట ఒకటుంది. పోయినేడు అసోసియేషన్ వాళ్ళు పెస్ట్ కంట్రోల్‌ని పిలిచి తవ్వించేద్దాం అన్నారు, రోజూ దానికి పసుపు కుంకుమ పెట్టే కన్నడ ఆంటీ 'హుత్త ముట్టబేడి' (పుట్టని ముట్టుకోవద్దు) అని అడ్డం నిలబడింది, అట్లా బతికిపోయింది. అప్పట్నుంచీ నేను కూడా ఆదివారం పొద్దున్నే పోయి దాని పక్కన కాసేపు కూచుంటున్నా. నేను ఆర్కిటెక్ట్‌ని కదా, నా చదువులో పుట్టకి పెద్ద కథే ఉంది.

ఆ కథేంటంటే, జింబాబ్వే రాజధాని హరారేలో ఈస్ట్‌గేట్ సెంటర్ అని 1996లో తెరిచిన బిల్డింగ్ ఉంది, మిక్ పియర్స్ అనే ఆర్కిటెక్ట్ చెదల పుట్టని చూసి మామూలు ఏసీ లేకుండా డిజైన్ చేశాడు. చెదలు పుట్ట లోపల చల్లగా ఉంచుకుంటాయి, ఆయన దాన్నే కాపీ కొట్టాడు అని కాలేజీలో చెప్పారు, మేం రాసుకున్నాం.

కానీ పుట్ట ప్రధానంగా చేసే పని చల్లబరచడం కాదట! 2015లో హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, మహదేవన్ అని ముగ్గురు మన దక్షిణాది పుట్టల మీదే కొలతలు తీసి చూశారు. పగలు పుట్ట బయటి మడతలు తొందరగా వేడెక్కుతాయి, నడిమధ్య భాగం నిదానంగా, అందుకని గాలి అంచుల్లో పైకి లేచి మధ్యలో కిందికి దిగుతుంది, రాత్రి బయట చల్లబడగానే ఇదంతా తిరగబడుతుంది. ఇట్లా కదులుతూ లోపలి కార్బన్ డయాక్సైడ్ పైకొచ్చి మట్టిలోని సన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. అంటే పుట్ట ఊపిరి తీసుకుంటోంది, పగటికీ రాత్రికీ ఉన్న వేడి తేడాతోటి.

నన్ను పట్టుకున్న మాట ఇదే, తేడా. ఈస్ట్‌గేట్ కూడా నిజానికి దాని మీదే నడుస్తుంది. రాత్రి చల్లగాలిని ఫ్యాన్లతో కాంక్రీట్ స్లాబుల ఖాళీల్లోంచి తోలతారు, బరువైన కాంక్రీట్ ఆ చల్లదనం పట్టి ఉంచుకుంటుంది, పగలు లోపలికొచ్చే గాలి దాని మీదుగా చల్లబడి వస్తుంది. హరారే ఎత్తు మీదున్న ఊరు, రాత్రి బాగా చల్లబడుతుంది కాబట్టి కుదిరింది. అదే బిల్డింగ్‌ని చెన్నైలో కడితే మే నెల రాత్రుల ఉక్కకి చేతులెత్తేస్తుంది. మరి బెంగళూరు? సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఏప్రిల్‌లో పగలు 34 ఉన్నా రాత్రికి 22 దగ్గరికి దిగుతుంది. ఇంత వరం ఉన్న ఊళ్ళో ఔటర్ రింగ్ రోడ్డు పొడుగునా తెరుచుకోని అద్దాల పెట్టెలు కట్టి, లోపల స్వెట్టర్ వేసుకుని పని చేస్తున్నారంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

ఒక క్లయింట్ వాళ్ళు 'నేచర్ ఇన్‌స్పైర్డ్' బిల్డింగ్ కావాలన్నారు, తీరా చూస్తే వాళ్ళకి కావాల్సింది అద్దాల గోడ ముందు తేనెతుట్టె ఆకారంలో మెటల్ జాలీ, అదీ పడమటి ఎండకి. నేను ఒప్పుకోలేదు, ఆ పని పోయింది. తేనెటీగ ఆరు పలకల గది కట్టేది తక్కువ మైనంతో ఎక్కువ తేనె దాచుకోడానికి, ఆ లెక్క వదిలేసి ఆకారం తెచ్చుకుని ఏం చేస్తాం.

నాకు ఈ లెక్క మొదట నేర్పింది మా అవ్వే. తాడిపత్రి దగ్గర మా ఊళ్ళో రెండడుగుల రాతిగోడల మట్టి మిద్దె, కింద నల్లబండలు. పొద్దు కాస్త ఎక్కగానే 'కిటికీలు మూసేయ్ పాపా, ఎండ లోపలికొస్తాది' అనేది, పొద్దు గూకినాక అన్నీ బార్లా తెరిచేది. ఈస్ట్‌గేట్‌లో ఫ్యాన్లు చేసే పని ఆమె చేత్తో చేసింది.

పోయినేడు కనకపుర రోడ్డులో ఒక చిన్న ఇంటికి అట్లాగే చేశాం, మందం గోడలు, తాడిపత్రి బండలు, కింద పైన గాలి కిటికీలు. రాత్రి తెరవాలంటే ముందు దోమలు, తర్వాత దొంగల భయం, అందుకే అన్నిటికీ మెష్షూ గ్రిల్లూ వేశాం, సగం బడ్జెట్ మాటలు వాటి గురించే నడిచాయి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ పెడితే బయట 34, హాల్లో 28. ఆ ఇంటావిడ ఇంకా ఏసీ కొనలేదు.

ఒక్క లోటు, పై అంతస్తులో వేడిగాలి చిక్కుకుపోతోంది. మా మిద్దెలో దానికి గవాచి ఉండేది, పైకప్పులో చిన్న కంత. వాన మబ్బు పట్టగానే దాని మీద బండ మూయడానికి అవ్వ మమ్మల్ని మిద్దె ఎక్కించేది. ఇప్పుడు గీస్తున్న ఇంటికి గవాచి పెడుతున్నా, రాత్రి ఏ రెండింటికో వానొస్తే ఎవరూ నిద్ర లేవకుండా అది మూసుకోడానికి ఏం పెట్టాలా అని నాలుగు రోజులుగా బొమ్మలు గీసి చింపుతున్నా.