అమరనాథ్ దారిలో ఆయుష్షు మాట

అమరనాథ్ యాత్రకు వయసు నియమం ఉంది. 13 ఏళ్లు నిండని పిల్లల్ని, 70 దాటిన పెద్దల్ని పంపరు. డాక్టరు దగ్గర ఆరోగ్య ధ్రువపత్రం తీసుకుంటే తప్ప పర్మిట్ రాదు. శివుడు పార్వతికి మరణం లేని రహస్యం చెప్పాడని నమ్మే గుహ అది. ఫారం నింపుతున్నప్పుడే నాకు ఒక ఆలోచన పట్టుకుంది. ఇంత కష్టపడి అక్కడికి వెళ్లేవాళ్లలో నిజంగా ఎక్కువ కాలం బతకాలని అడిగేవాళ్లు ఎంతమంది?

పహల్గామ్ వైపు నుంచి వెళ్లాం. బాల్తాల్ దారి 14 కిలోమీటర్లే అయినా బాగా నిటారు. చందన్‌వాడి నుంచి అయితే సుమారు 32 కిలోమీటర్లు. నేను ఈ పొడుగు దారినే కోరుకున్నాను, ఎందుకంటే కథ నడిచింది ఈ దారిలోనే. శివుడు పహల్గామ్‌లో నందిని వదిలాడు, చందన్‌వాడిలో చంద్రుణ్ణి, శేష్‌నాగ్ దగ్గర సర్పాలను, మహాగుణస్ కనుమ దగ్గర వినాయకుణ్ణి, పంచతరణిలో పంచభూతాలను వదిలి గుహలోకి వెళ్లాడని చెబుతారు. అమరత్వం గురించి నోరు విప్పే ముందు తనవన్నీ ఒక్కొక్కటిగా విడిచిపెట్టాడు. మనమేమో ఆయుష్షు పెరగడమంటే ఉన్నవన్నీ ఇంకా ఎక్కువ కాలం పట్టుకుని ఉండటం అనుకుంటాం.

పిస్సూ టాప్ ఎక్కేసరికి మాట్లాడే ఓపిక ఎవరికీ మిగల్లేదు. అసలు మాటలన్నీ శేష్‌నాగ్ క్యాంపులో, రాత్రి టెంట్‌లో దొరికాయి.

మాతో బయోటెక్నాలజీ చదివే కుర్రాడు ఒకడు వచ్చాడు. భక్తి ఉన్నవాడు, చదువు మీద ప్రేమ ఉన్నవాడు. రికార్డులు సరిచూసి ఒప్పుకున్న అత్యధిక మానవ ఆయుష్షు 122 ఏళ్ల 164 రోజులని, ఫ్రాన్స్‌కు చెందిన జాన్ కల్మాన్ అన్నాళ్లు బతికి 1997లో చనిపోయిందని చెప్పాడు. మన శరీర కణాలు ఒక లెక్క మేరకే రెండుగా విభజన చెందుతాయని, ఆ తర్వాత ముసలివై ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపించాడట. ఆ ముసలితనాన్నే వెనక్కి నెట్టాలని ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయన్నాడు. తర్వాత అందర్నీ సూటిగా అడిగాడు. "ఒక మందు వచ్చి, 150 ఏళ్లు ఆరోగ్యంగా బతకొచ్చంటే తీసుకుంటారా?"

టెంట్‌లో అందరికంటే పెద్దావిడకు 69 ఏళ్లు. "నాకెందుకు నాయనా" అంది వెంటనే. రోజూ గుడిలో కూర్చుని అనుకునేదే మళ్లీ చదివింది: అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం. బాధ లేని చావు, ఒకరి ముందు చెయ్యి చాచని బతుకు, శివుడి మీద చెదరని భక్తి. అంతకు మించి ఆమెకు ఏమీ అక్కర్లేదు. "చావు లేకపోవడం హనుమంతుడికి వరమైంది, అశ్వత్థామకు శాపమైంది. ఒళ్లంతా పుండ్లతో మూడు వేల ఏళ్లు తిరగమన్నాడు కృష్ణుడు. నాకు హనుమంతుడి భక్తి ఎక్కడిది?"

రిటైరైన మాస్టారు ఒకాయన ఒప్పుకోలేదు. "కంట్లో శుక్లాలు తీయించుకున్నాను. అది దేవుడికి ఎదురు తిరగడమా? ఆ డాక్టరుకు బుద్ధి ఇచ్చింది ఎవరు?" అని సంధ్యావందనంలోని మంత్రం గుర్తు చేశాడు. అందులో పశ్యేమ శరదశ్శతం అంటూ, వంద శరత్తులు చూడాలి, బతకాలి, వినాలి అని అడుగుతూ పోతుంది. శుక్ల యజుర్వేదంలో ఆ మంత్రం చివర భూయశ్చ శరదశ్శతాత్ అని ఉంది, అంటే వందకు పైన కూడా కావాలని. అడిగే ధైర్యం ఋషులకే ఉన్నప్పుడు మనం మొహమాటపడటం దేనికన్నాడు.

నాకు మాస్టారి వాదనే సబబుగా తోచింది. భక్తులకు బతుకు మీద ఆశ ఉండదన్నది బయటివాళ్లు కట్టిన మాట. ఆ టెంట్‌లో బీపీ మాత్ర వేసుకోకుండా పడుకున్నవాళ్లు తక్కువ. అయితే ఆయన చదివిన మంత్రంలోనే ఇంకో షరతు కూడా ఉంది. అదీనాః స్యామ, ఆ వందేళ్లూ దైన్యం లేకుండా ఉండాలి. అక్కడ ఆవిడ, ఈయన ఒకటే అడుగుతున్నారు.

అమెరికాలో ప్యూ సంస్థ 2013లో చేసిన సర్వే గురించి కుర్రాడు చెప్పాడు. 120 ఏళ్ల దాకా బతికించే చికిత్స తమకు వద్దన్నవాళ్లు 56 శాతం, కావాలన్నవాళ్లు 38 శాతం. మిగతా జనం మాత్రం కావాలనే అంటారని 68 శాతం మంది అనుకున్నారు. అది విని పెద్దావిడ కాసేపు ఊరుకుంది. తర్వాత "ఆ మందు మా అబ్బాయికి మాత్రం ఇవ్వు నాయనా" అంది.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. యముడు ఎన్నేళ్లు కావాలంటే అన్నేళ్లు ఇస్తానన్నా నచికేతుడు వద్దన్నాడు, అది తన ఆయుష్షు కాబట్టి. అదే యముడి వెంట నడిచి సావిత్రి భర్తను వెనక్కి తెచ్చుకుంది. మహాభారతంలో యముడు ఆ దంపతులకు ఇచ్చింది నాలుగు వందల ఏళ్లు. ఆమెను అత్యాశపరురాలు అని ఎవరూ అనలేదు. విశ్వాసం ఉన్నవాళ్లు ఎక్కువ ఆయుష్షు కోరుకుంటారా అని అడిగేటప్పుడు, ఎవరి కోసం అన్నది మనం వదిలేస్తున్నాం.

మర్నాడు మహాగుణస్ ఎక్కేటప్పుడు గుర్రం నడిపే కాశ్మీరీ అన్నను కూడా అడిగాను. "ఉమర్ అల్లా రాసినంతే. పెంచమని అడగను, అందులో బరకత్ ఇవ్వమని అడుగుతాను" అన్నాడు. ఉమర్ అంటే ఆయుష్షు, బరకత్ అంటే దేవుడి దీవెన. మీ పిల్లలకో అంటే, "వాళ్లకు రెండూ" అన్నాడు.

గుహ 3,888 మీటర్ల ఎత్తులో ఉంది. కప్పు నుంచి కారే నీటిబొట్లు గడ్డకట్టి లింగం అవుతుంది. కొన్నేళ్లు యాత్ర ముగియకముందే కరిగిపోతుంది. శాశ్వతత్వాన్ని కొలవడానికి వెళ్లి కరిగేదాని ముందు చేతులు జోడిస్తాం, ఇది నాకు చాలా నచ్చింది. రహస్యం విని చావు లేకుండా పోయాయంటారే, ఆ పావురాల కోసం జనం పైకి చూస్తున్నారు. దర్శనం క్షణాల్లో అయిపోయింది. నా కోసం ఏమీ అడగలేదు. డయాలసిస్‌లో ఉన్న మా చెల్లి పేరు చెప్పి, దానికి ఏళ్లు ఇవ్వమని అడిగాను. ఎన్ని అని చెప్పలేదు, ఎన్ని ఇచ్చినా చాలవు.

దిగేటప్పుడు బాల్తాల్ దారి పట్టాం. "మీరేమీ చెప్పలేదేం అన్నా?" అన్నాడు కుర్రాడు. చెల్లికి దొరికితే నేనూ తీసుకుంటాను, దానికి దొరక్కపోతే నాకూ వద్దు అన్నాను. "మరి డబ్బున్నవాళ్లకే దొరికితే?" అన్నాడు. డయాలసిస్ కోసం క్యూలో కూర్చునేవాళ్లను రోజూ చూస్తున్నాను కాబట్టి నాకది ఊహలా అనిపించలేదు. బాల్తాల్ చేరేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం, తేల్లేదు.