ఇంకో యాప్ వద్దు సారూ

నల్లగొండలో హ్యాకథాన్ పెడుతున్నామంటే మా బాబాయి అడిగిన మొదటి మాట, "ఏం హ్యాక్ చేస్తర్రా, పోలీసులు రారా?" హ్యాకింగ్ కాదు బాబాయ్, పదిమందికి పనికొచ్చే, కోడ్ ఎవరైనా చూసి వాడుకొని మార్చుకోగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు రెండు రోజులు కూర్చొని ఊరికే పని చేసిపెట్టడం అని చెప్పేసరికి చాయ్ చల్లారిపోయింది. "ఊరికేనా?" అన్నాడు. అక్కడితో ఆయనకు ఆసక్తి పోయింది.

ప్రైజులు వద్దని పట్టుబట్టింది నేనే. ఏటా అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఓపెన్ సోర్స్ పండగ జరుగుతుంది కదా, 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు (అంటే ఈ మార్పు మీ ప్రాజెక్టులో కలుపుకోండని పంపేవి) ఒక టీషర్ట్ అనేసరికి, ప్రాజెక్టు పరిచయం రాసే రీడ్‌మీ ఫైల్లో ఒక పదం అటూ ఇటూ మార్చి పంపినవాళ్లు ఎంతమందో. ఆ ప్రాజెక్టులు చూసుకునే మెయింటైనర్లు మొత్తుకుంటే నెల మొదట్లోనే రూలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఆ తలనొప్పి మనకెందుకు అనుకున్నా. ఫలితం? పేర్లిచ్చింది 70 మంది, వచ్చింది 26 మంది. ప్రైజ్ లేకపోతే రారని చెప్పిన మిత్రుడు రెండు రోజులూ నా మొహం చూసి నవ్వుతూనే ఉన్నాడు.

మొదట అడిగిన కాలేజీ వాళ్లు స్టేజీ, ముఖ్య అతిథి, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజు అని మొదలుపెట్టారు, దండం పెట్టి వచ్చేశా. ఆషాఢం కదా, పెళ్లిళ్లు లేవు, గడియారం సెంటర్‌కి కాస్త దూరంలో ఒక ఫంక్షన్ హాలు సగం కిరాయికే దొరికింది. నెట్ లేదు. నాలుగు ఫోన్ల హాట్‌స్పాట్ మీద 26 మంది. ఎవరైనా ఇలాంటిది పెడితే కోడ్ ముందే దింపి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోండి, లేదంటే కనీసం డెప్త్ 1 పెట్టి, అంటే తాజా కాపీ ఒక్కటే దిగేలా, క్లోన్ చేయమనండి, పాత మార్పుల హిస్టరీ మొత్తం దిగేదాకా కూర్చుంటే పొద్దు గుంకుతుంది.

ఇక అసలు విషయం. నల్లగొండ అంటే ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే, నల్లగొండ టెక్నిక్ అంటారు, కనిపెట్టింది నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు. ఇప్పుడు ఇంటింటికీ భగీరథ నల్లా వచ్చింది గానీ, పైపు పగిలిన రోజు మళ్లీ బోరింగు దగ్గరికే కదా పోయేది. అందుకే ఏ బోరు నీళ్లు తాగొచ్చు, ఏది వద్దు అని గుర్తుపెట్టే యాప్ చేస్తామని ఒక టీమ్ ఉత్సాహంగా లేచింది.

మర్రిగూడ వైపు నుంచి ఒక ఆశా కార్యకర్తను పిలిచాం. ఆమె అంతా విని తన ఫోన్ మా వైపు తిప్పింది. తెరంతా యాప్‌లే. "ఇంకో యాప్ వద్దు సారూ, ఫోన్ల జాగ లేదు." హాలు ఒక నిమిషం నిశ్శబ్దం.

అప్పుడు కొత్తది పక్కనపెట్టి, ఫోన్‌లో ఫారాలు నింపి వివరాలు సేకరించే ఓపెన్ సోర్స్ సాధనం ఓడీకే కలెక్ట్ తీశాం. అదీ యాపే, కాకపోతే ఒక్కటి వేసుకుంటే ఎన్ని ఫారాలైనా అందులోనే. నెట్ లేకపోయినా నింపుకోవచ్చు, సిగ్నల్ దొరికినప్పుడు పంపుకోవచ్చు. ఫారం తయారీకి కోడింగ్ కూడా అక్కర్లేదు, ఎక్సెల్ షీట్ చాలు, తెలుగు ప్రశ్నలకు పక్కన ఇంకో కాలమ్ పెడితే సరి. నాకేం రాదన్నా అంటూ మూలకు కూర్చున్న బీకాం అమ్మాయి మధ్యాహ్నం పులిహోర తినే లోపు ఫారం చేసేసింది! పెద్ద పెద్ద లాప్‌టాప్‌ల వాళ్లు అప్పటికింకా లోగో రంగు దగ్గర ఉన్నారు.

తెలుగు దగ్గర మళ్లీ గొడవ. సబ్మిట్‌ని మా వాళ్లు "సమర్పించు" అని పెట్టారు. అక్క నవ్వింది, "గుడిల కొబ్బరికాయ లెక్కనా?" "పంపు" అని మార్చాం. మళ్లీ నవ్వింది, ఫారమే బోరు పంపు గురించి కదా. చివరికి "పంపించు" దగ్గర ఆగాం.

ఇంకో టీమ్ రాత్రంతా మేలుకొని పల్లెల బడులు, బోర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే జనమే కలిసి గీసే ఉచిత మ్యాప్‌లో ఎక్కించింది. పొద్దున చూస్తే పేర్లన్నీ గూగుల్ మ్యాప్స్ చూసి రాసినవి. అలా ఎక్కించకూడదు, గూగుల్ లైసెన్స్ ఒప్పుకోదు. అంతా తీసేయించా. పిల్లల మొహాలు చూడలేకపోయాను, తప్పు నాదే, మొదటి గంటలోనే చెప్పాల్సింది. ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఫైల్ పెట్టకుండా కోడ్‌ను, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పడేస్తే అది ఓపెన్ సోర్స్ అయిపోదని కూడా అప్పుడే చెప్పా, ఆలస్యంగా.

మొదలుపెట్టిన ఐదు ప్రాజెక్టుల్లో ఇప్పుడు కదులుతున్నవి రెండే. నీళ్ల పరీక్ష కిట్లు మాత్రం చందాలేసుకుని కొన్నాం, గులాబీ రంగు పసుపు వైపు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. ఫారం నడుస్తోంది. మొన్న అక్క ఫోన్ చేసింది, బాగుందని చెప్తుందేమో అనుకున్నా.

"సారూ, ఎండకు అక్షరాలు కనిపిస్తలేవు, జర పెద్దగ చెయ్యిండ్రి."